ముప్పై రెండు డిగ్రీలు

జనవరి 19, సోమవారం

ఈ రోజు నరాల పరీక్షకు పద్నాలుగు మంది. నంద్యాలలో చేతులున్న వాళ్లందరికీ ఒకేసారి తిమ్మిర్లు పట్టినట్టున్నాయి.

పాణ్యం నుంచి ఒక ముసలమ్మ. రెండోసారి రావడం. మంచమెక్కుతూనే— "పోయినసారి నువ్వు కరెంటు పెట్టినంక నెల దినాలు బాగుండెమ్మా. ఈసారి ఇంకొంచెం గెట్టిగా పెట్టు."

ఇది వైద్యం కాదవ్వా, నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలవడం మాత్రమే అని చెప్పాను. శ్రద్ధగా విని తలూపింది. "సరేలేమ్మా. కొలిచేటప్పుడే ఇంకొంచెం పెట్టు."

ఎనిమిదేళ్లుగా ఇదే. అందరూ కరెంటు పెట్టించుకోవడానికే వస్తారు. నేను కొలిచేదాన్నని ఒక్కరూ ఒప్పుకోలేదు.

చేతి వేడి చూసే తీగ తెగిపోయి రెండు నెలలు. డాక్టరు గారు "తెప్పిద్దాం" అంటూనే ఉన్నారు. వేడి ఎంతో రాసే గడి నింపకపోతే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. ముప్పై రెండు అని కొడతాను. అందరికీ ముప్పై రెండే. ముసలమ్మకీ, ఆమె వెనక జ్వరంతో వచ్చినాయనకీ.

జనవరి 21, బుధవారం

బ్రహ్మయ్య అన్న వచ్చాడు. పెదనాయన కొడుకు, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. నాయన పోయాక ఇన్నేళ్లలో పెళ్లిళ్లలో తప్ప ఎదురుపడింది లేదు. పేరు పిలిచినప్పుడు కూడా అతనేనని తట్టలేదు.

కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. వేళ్లు మండుతున్నాయట. ఆళ్లగడ్డ నుంచి పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గుడ్డ ఆరినప్పుడల్లా సీసాలో నీళ్లు పోసి తడుపుకుంటూ వచ్చాడు.

"నువ్వేనా ఈ కరెంటు పెట్టేది?"

"నేనే అన్నా."

"మంచిదేలే. మనోళ్లే కదా."

మనోళ్లు! ఎంత తేలిగ్గా అన్నాడో.

ఉలి పట్టిన చేతి చర్మానికి తీగలు అంటవు. గరుకు జెల్లు పెట్టి రుద్దుతున్నాను. "రాయిని నున్నగ జేసినట్ల జేస్తాండావే," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చెయ్యి మంచులా ఉంది. పట్టుకోగానే తెలిసింది నాకు.

చల్లటి చేతిలో నరం నిదానంగా పోతుంది. ఇది మొదటి పాఠం. వేన్నీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టించి అప్పుడు కొలవాలి. బయట ఎనిమిది మంది. తలుపు సందులోంచి డాక్టరు గారు— "ఇంకా ఎంతసేపమ్మా?"

మణికట్టు దగ్గర కరెంటు ఇచ్చాను. వేలు ఎగిరింది. మిషను టక్ మంది.

"పలుకుతాందా?" అన్నాడు అన్న, చెవి అటు పెట్టి.

రాయిని తట్టి మంచిదో కాదో వినేటప్పుడు మా ఇళ్లలో అడిగే మాట. నాయన నోట్లో రోజుకు పదిసార్లు వినేదాన్ని.  పక్క నరం చూడలేదు. ఎడమ చెయ్యీ చూడలేదు. ముప్పై రెండు కొట్టాను.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది, ఆపరేషను చెయ్యాలి, వచ్చే గురువారం అన్నారు డాక్టరు గారు. అన్న ముఖం వెలిగిపోయింది. "కోస్తే సరిపోతాదంట. పాములపాడోళ్ల అమ్మవారికి కండ్లు నేనే తెరవాల మ్మా. ఫిబ్రవరి పదకొండుకు ప్రతిష్ఠ."

రిపోర్టు కింద సంతకం డాక్టరుది. ముప్పై రెండు మాత్రం నాది.

జనవరి 22, గురువారం

అన్నం వండుతుంటే గుర్తొచ్చింది— మిషను తెర మీద అన్న నరం అలలు ఎత్తుగా ఉన్నాయి. అంత ఎత్తు ఎందుకు?

జనవరి 23, శుక్రవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నాకు పన్నెండేళ్లు. పెంకులా విరిగిన నల్లరాయి ముక్క మీద ఒక కన్ను చెక్కాను. ఒక్క కన్నే. నాయన కళ్లు మూసుకుని వేలి కొసతో తడిమాడు. ఆయన ఎప్పుడూ అంతే. నల్లరాయి మీద వెలుతురు మోసం చేస్తుంది, వేలు చెయ్యదు అనేవాడు. కింది రెప్ప గీత మీద వేలు రెండుసార్లు పోయి వచ్చింది.

"గీత తప్పు పోలేదు," అన్నాడు.

ఆ మాట మీద నేను వారం రోజులు బతికాను. ఆ వారం ఆఖరున తన సన్న ఉలి, కండ్లకు మాత్రమే వాడేది, తీసి బ్రహ్మయ్య చేతిలో పెట్టాడు. నా ముందే. అమ్మ ఏదో అనబోతే— "ఆడపిల్ల తెరిసిన కన్నుకు ఎవురు మొక్కుతారే?"

అన్నకు అప్పుడు పదహారు. ఉలి తీసుకుని మొలలో దోపుకున్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఇంత ఉండేది కాదేమో.

జనవరి 25, ఆదివారం

ఇస్త్రీ చేస్తూ బెంగళూరు గుర్తొచ్చింది. అక్కడ పరిశోధన ల్యాబ్‌లో మూడేళ్లు. నత్త నరాల ముద్దలోంచి ఒకే ఒక్క కణాన్ని వెతికి, వెంట్రుక కంటే సన్నటి గాజు సూదిని దాని లోపలికి దించేదాన్ని. దిగిందో లేదో కంటికి తెలియదు. స్పీకర్లో తెలుస్తుంది. టక్... టక్... పలికేది. మొదటిసారి విన్నరోజు ఏడ్చాను. రాయి పలికితే నాయన ముఖం ఎలా అయ్యేదో నా ముఖం అలా అయి ఉంటుంది.

నేను పట్టిన ఆ కణాల రికార్డులన్నీ గైడు ఇంకొకతని థీసిస్‌లోకి ఎక్కించాడు. "నీకు చెయ్యి ఉంది సావిత్రీ, అతనికి రాత ఉంది. ల్యాబ్ అందరిదీ కదా?" అన్నాడు. వచ్చేశాను.

చెయ్యి ఉంది. నా బతుకంతా ఇదే. చెయ్యి నాది, పేరు ఇంకొకరిది.

జనవరి 27, మంగళవారం

ఫైలు తెరిచి చూశాను. ఆరు రోజులు భయపడ్డది ఇందుకే.

నొక్కుకుపోయిన నరం అల ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు చిక్కిపోయి కూడా వస్తుంది. అన్న చేతిది ఆలస్యంగానే వచ్చింది, కానీ నిటారుగా, బలంగా, ఎత్తుగా వచ్చింది. అది నొక్కుడు కాదు. చలి. కొత్తగా చేరిన పిల్లలకు నేనే నేర్పిస్తాను ఈ తేడా. రెండు బొమ్మలు గీసి మరీ నేర్పిస్తాను.

ఎల్లుండి ఆ చెయ్యి కోస్తారు.

కావాలని చేశానా? తొందరలో చేశాను. బయట జనం ఉన్నారు. తీగ తెగింది. అన్నీ నిజాలే. అయినా ఆ చల్లటి చెయ్యి నా చేతిలో ఉన్నప్పుడు ఒక క్షణం... ఉంటే ఉండనీ అనిపించింది. అనిపించింది. ఇక్కడైనా అబద్ధం రాయను.

జనవరి 28, బుధవారం

పొద్దునే ఫోన్ చేశాను. మళ్లీ ఒకసారి చూడాలి, రా అన్నాను. ఎందుకని అడగలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయే వేళకు వచ్చాడు. ఎదురుగా టీ అంగడి ఆయన బకెట్‌తో వేన్నీళ్లు ఇచ్చాడు. మందుల షాపులో చర్మానికి గురిపెట్టి చూసే థర్మామీటరు కొన్నాను, నేనే. రెండు నెలలుగా కొనొచ్చు.

నీళ్లలో పెట్టకముందు: ఇరవై ఐదు.

పెట్టాక: ముప్పై మూడు.

రెండు చేతులూ, అన్ని నరాలూ చూశాను. మణికట్టు దగ్గర ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. పరిగెత్తుతోంది.

"అయితే కోసే పని ల్యా?" అన్నాడు. సంతోషం లేదు గొంతులో. "మరి ఈ మొద్దుతనం యాటిది?"

ఏసీ కింద అయిదు నిమిషాలు కూర్చున్నాడో లేదో, వేళ్ల కొసలు తెల్లబడటం మొదలయింది. చూపుడు వేలు, నడిమి వేలు. సున్నం రాసినట్టు, గీత గీసినట్టు, అక్కడి నుంచి తెల్లగా. అప్పుడు అర్థమయింది నాకు. ఆ రోజు చలి బస్సు కిటికీది మాత్రమే కాదు. చలే జబ్బు. నేను చేతిలో పట్టుకుని కూడా వదిలేసింది జబ్బునే.

"మిషను ఎన్నేండ్ల నుంచి అన్నా?"

"రాయి కోసేదా? పన్నెండేండ్లు. పొద్దన్నుంచి మాపటిదాకా అదే. ఇప్పుడు చేత్తో కొట్టుకుంటా కూసుంటే ఎవురు ఆగుతారు మ్మా?"

ఆ అదురు వేళ్లలోకి పోయి కూర్చుంది. నేను కొలిచేది మణికట్టు దాకా పోయే పెద్ద నరాలు. పాడయింది వేలి కొసల్లో. అక్కడికి నా మిషను అందదు.

కాగితాలకు పెట్టే పిన్ను తీసి వంచాను, రెండు కొసలూ పక్కపక్కన వచ్చేలా. కళ్లు మూసుకోమన్నాను. చూపుడు వేలి మీద ఆనించాను.

"ఒకటా, రెండా?"

"ఒకటి."

రెండు.

కొంచెం ఎడం చేశాను. "ఒకటి." ఇంకా ఎడం చేశాను. "ఒకటేలే మ్మా, ఎన్నిసార్లు గుచ్చుతావ్?"

రెండు కొసల మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు ఉంది.

డాక్టరు గారికి చెప్పాను. తీగ సంగతి, ముప్పై రెండు సంగతి, అంతా. చాలాసేపు పెన్ను తిప్పారు. "ఆపరేషన్ వద్దని రాస్తాను. మిషన్ మానెయ్యమని చెప్పు. పాత రిపోర్ట్ పాతదేలే, దాని జోలికి పోవద్దు." తర్వాత నా వైపు చూడకుండా— "నీ మీద నాకు నమ్మకం ఉండేదమ్మా."

నాకూ ఉండేది.

జనవరి 29, గురువారం

ఆపరేషను జరగలేదు. ఈ రోజు పదకొండు మంది. అందరికీ వేడి కొలిచాను. ఒక్కరిది కూడా ముప్పై రెండు లేదు.

జనవరి 31, శనివారం

మందులకని అన్న నంద్యాల వచ్చి ఫోన్ చేశాడు. బస్టాండులో టీ దగ్గర కలిశాను. చెప్పకుండా ఉండొచ్చు. డాక్టరు గారు మూసెయ్యమన్నారు కదా. చెప్పేశాను. మొదటిసారి చేతిలో చలి తెలిసీ వదిలేశాను, చూడని వేడిని చూసినట్టు రాశాను, నీ చెయ్యి ఊరికే కోసేవాళ్లు అని.

గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. వేళ్లతో పట్టుకోవడం లేదని అప్పుడు గమనించాను.

"కావాలనే జేసినావా?"

"తెలీదన్నా."

"తెలీకుండా ఎట్లుంటాది?"

 బనగానపల్లె బస్సు వచ్చి పోయింది. జనం ఎక్కారు, దిగారు. అతను తిడతాడని చూస్తున్నాను. తిడితే బాగుండును.

"చిన్నాయన ఆ ఉలి నాకిచ్చినాడని కదా?"

అంటే తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు.

"ఆ దినం నువ్వు జూస్తాండావని నాకు తెల్సు. తలెత్తితే ఉలి నీకియ్యాల్సొస్తాదని ఎత్తలేదు."

ఈ మాట కోసం ఇరవై ఆరేళ్లు కాచుకున్నాను. వస్తే ఏదో చల్లారుతుందనుకున్నాను. ఏమీ చల్లారలేదు. పుండు మీద చెయ్యి పడ్డట్టు ఉంది.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. అమ్మవారి విగ్రహం అయిపోయింది. పెదవులు, ముక్కు, చేతులు అన్నీ. కండ్ల కింది గీతలు కూడా పోయిన నెల దించాడు. కానీ సరిగ్గా ఉన్నాయో లేదో తెలియడం లేదు. "వేలు పెడితే ఏం తెలీడంల్యా సావిత్రీ. గోడ తడిమినట్లుంది. కొడుకులకు ఆ వేలు ల్యా. వాండ్లకు మిషనే తెల్సు. పనోళ్లను అడిగితే ఊరంతా పాకిపోతాది, ఆచారికి చెయ్యి పోయిందని. మళ్ల ఒక్కడన్నా పని ఇస్తాడా?"

"అయితే?"

"నువ్వు వచ్చి తడుము. ఎనిమిదో తేదీ ఆదివారం పనోళ్లు ఉండరు. తప్పుంటే నువ్వే దిద్దు. చిన్నాయన ఉలి ఆడనే ఉంది."

 అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "ప్రతిష్ఠ నాడు పందిట్లో చెప్తావా అన్నా, నేను దిద్దినానని?"

తల అడ్డంగా ఊపాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పందిట్లో బంగారు సూదితో కండ్లు తెరిసేది నేను. తెర దీసేది నేను. నువ్వు రావాకు." లేచాడు. "నీ ముప్పై రెండు నేను ఎవురికీ చెప్పను. నా కన్ను నువ్వు ఎవురికీ చెప్పాకు."

టీ గ్లాసులు నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

ఫిబ్రవరి 2, సోమవారం

పోను.

ఫిబ్రవరి 4, బుధవారం

పోనని నిర్ణయించుకున్నదాన్ని ఎందుకు చేతికి నూనె రాసుకుంటున్నాను? గోళ్లు ఎందుకు కత్తిరించుకున్నాను? కళ్లు మూసుకుని ఇంట్లో ప్రతిదీ తడుముతున్నాను. తలుపు చెక్క, గిన్నె అంచు, నా సొంత రెప్ప.

పిన్నుతో నా వేలు కూడా చూసుకున్నాను. ఎంత దగ్గరగా పెట్టినా రెండు అని తెలుస్తోంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పాణ్యం ముసలమ్మ మళ్లీ. పరీక్ష ఏమీ రాయలేదు డాక్టరు గారు, అయినా నా గది ముందు కూర్చుంది. "ఊరికే రెండు కరెంట్లు పెట్టమ్మా, పోతా." విసుక్కున్నాను. ఆమె లేచి పోతుంటే చేతులు చూశాను, వణుకుతున్నాయి. పిలిచి వేన్నీళ్లలో పెట్టించాను. "ఇదేం కరెంటు?" అంది. బాగుందంది.

నాకు ఆమె మీద అసూయ పుట్టింది. ఆమెకు ఎక్కడో ఒకచోట నయమవుతోంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు గంతులేస్తున్నాయి. పేరు లేకుండా చెయ్యి ఇవ్వడానికి మూడోసారి పోతున్నాను. బెంగళూరులో ఒకసారి, నంద్యాలలో రోజూ, ఇప్పుడు సొంతవాళ్ల కోసం. సిగ్గు లేదు నాకు. కానీ ఆ రాయిని తాకాలని ఉంది. ఇదీ నిజమే.

—

షెడ్డులో. పదిన్నర. సంచిలోంచి నోటుపుస్తకం తీశాను, చేతులు ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి.

అన్న తలుపు దగ్గరగా వేసి టార్పాలిను లాగాడు. అమ్మవారు నిలబడి ఉంది, నా కంటే మూరెడు ఎత్తు. ముఖం చూసి... అన్న మంచి శిల్పి. ఇది కూడా రాయాలి. నాయన తప్పు మనిషికి ఇవ్వలేదు. తప్పు మనిషికి ఇచ్చాడని ఇన్నేళ్లు అనుకోవడమే సుఖంగా ఉండేది.

పీట వేసుకుని ఎక్కాను. కళ్లు మూసుకున్నాను. కుడి కన్ను, కింది రెప్ప. ముక్కు వైపు నుంచి చెవి వైపు. వేలు జారిపోయింది, ఎక్కడా ఆగలేదు. ఎడమ కన్ను. సగం దాకా బాగుంది. అక్కడి నుంచి గీత కిందికి జారింది. నూలు పోగంత. చూపుకు తెలియదు. తెర తీసి దీపం చూపించినప్పుడు తెలుస్తుంది, అమ్మవారు ఒక కంటితో జనాన్నీ, ఒక కంటితో నేలనీ చూస్తుంది.

"ఎట్లుంది?" అన్నాడు కింది నుంచి.

బాగుంది అనొచ్చు. ముప్పై రెండు కొట్టినంత తేలిక. పదకొండున పందిట్లో అందరి ముందూ అతనే తెర తీస్తాడు, అతనే చూస్తాడు. ఒక క్షణం ఆ మాట నాలుక మీద ఉంది. రెండోసారి కూడా అనిపించింది నాకు. ఇదీ రాస్తున్నాను.

"ఎడమది జారింది అన్నా. సగం కాడ నుంచి."

పీట దిగి దాని మీదే కూర్చున్నాను. అన్న గోడకు ఆనుకున్నాడు. తర్వాత గుడ్డలో చుట్టినది తీసి నా ఒళ్లో పెట్టాడు. "జారినదాన్ని ఎత్తేకి రాదు. కుడిదాన్ని దించు. దానికి తగినట్ల."

విప్పాను. పిడి దగ్గర నాయన బొటనవేలు అరిగించిన గుంట. అందులో నా వేలు సరిగ్గా పట్టింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందు వచ్చిందో తెలియదు.

చెయ్యి చూసుకుంటే మంచులా ఉంది.

"చెయ్యి చల్లగా ఉందన్నా. ఈ చేత్తో పట్టను. వేన్నీళ్లు కావాలి."

నవ్వాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి. "నీకు ఇప్పుడు తెల్సొచ్చిందే," అని బయటికి పోయాడు. షెడ్డు వెనక పొయ్యి అంటించిన వాసన. ఆ సందులో ఇది రాస్తున్నాను.

ఎవరో వచ్చారు. మోటారు సైకిలు ఆగింది. పెద్దగొంతు. పాములపాడు గుడి పెద్దాయన అనుకుంటా, లారీ రేపు వస్తుంది కదా, చూసుకుపోదామని వచ్చినట్టున్నాడు.

"ఏం ఆచారీ, ఆదివారం పూట వేన్నీళ్లు ఎవురికప్పా?"

"నాకే. చెయ్యి సల్లబడింది."

"అమ్మవారిని ఒక్కసారి చూసిపోదామని..."

"కండ్లు తెరిసే పని నడుస్తాందప్పా. ఇప్పుడు చూడగూడదు."

"పని నడుస్తాందా? నువ్వు ఈడుంటివి కదా. లోపల ఎవురుండారు?"

ఉలి నా ఒళ్లోనే ఉంది.  అన్న నా పేరు చెప్తాడేమోనని తలుపు వైపు చెవి పెట్టాను.

"ఎవురూ ల్యారు," అన్నాడు.

నీళ్లు కాగుతున్న చప్పుడు. నా ఎడమ చేతి వేలు ఒళ్లో, ఉలి పక్కన, కుడి కన్ను గీతనే గీస్తోంది.